పాటకచేరీ పుట్టుపూర్వోత్తరాలు

కచేరీ అనే మాటకు మన వూళ్లలో మొదటి అర్థం పాట కాదు. తాసిల్దారు కచేరీ, మునసబు కచేరీ - అర్జీ పట్టుకుని ఎండలో నిలబడే చోటు. ఉర్దూ నుంచి దిగిన ఈ మాటే సంగీత సభకు కూడా స్థిరపడిపోయింది. ఈ సభ సామవేదం నుంచి నేరుగా దిగివచ్చిందన్నట్టు సంప్రదాయవాదులు మాట్లాడుతుంటారు గనక, మాట దగ్గరే ఒక్క క్షణం ఆగడం మంచిది. పేరు దర్బారుది. ఏర్పాటు పట్నానిది. టిక్కెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చుని వినే కచేరీ వయసు 150 ఏళ్లకు మించదు. రాగాలు పాతవే, కీర్తనల్లో చాలా భాగం పాతవే, కాదనను. కాని రాగం వేరు, ఆ రాగాన్ని ఎవరు ఎక్కడ కూర్చుని ఎవరికి వినిపిస్తారన్న ఏర్పాటు వేరు. మొదటిదాన్ని గురించి చెప్పడానికి సంగీత శాస్త్రం కావాలి. రెండోదానికి సాంఘిక చరిత్ర చాలు. నేను సంగీతజ్ఞుణ్ణి కాను, కళాశాలలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. అంచేత రెండో దారిలోనే నడుస్తాను.

ఇది రాయడానికి కారణం మా విద్యార్థి ఒకడు. మొన్న పుష్యమాసంలో పక్క పట్నంలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరిగాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని ఒక సాయంత్రం వెళ్లాను. వాడి తండ్రి పెళ్లిళ్లలో నాదస్వరం వాయిస్తాడు, పినతండ్రి డోలు. వాడికి సంగీతమంటే పుట్టుకతో చెవి వుంది. సభ అంటే మాత్రం అదే మొదటిసారి. వేదిక మీద మధ్య గాయకుడు, ఆయన ఎడమ పక్క ఫిడేలు, కుడి పక్క మృదంగం, కొంచెం వెనగ్గా ఘటం, మరీ వెనక తంబురా మీటుతూ ఒక అమ్మాయి. కరపత్రంలో మొదటి నలుగురి పేర్లూ వున్నాయి, గాయకుడి పేరు లావుపాటి అక్షరాల్లో, తక్కినవి సన్నటి అక్షరాల్లో. తంబురా అమ్మాయి పేరు లేదు. గాయకుడు తోడి అందుకున్నాడు. అద్భుతంగా పాడాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఆలాపనా, కీర్తనా, స్వరకల్పనా కలిపి నలభై నిమిషాలు. హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గితే ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

బయటికి వచ్చి టీ తాగుతూ వాడన్నాడు: "మా నాన్న కూడా ఈ కీర్తన వాయిస్తాడు సార్. అక్కడ ఎవరూ కూర్చుని వినరు."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జనానికి అభిరుచి లేదనో, పెళ్లిపందిరి సంగీతానికి తగిన చోటు కాదనో అనేసి వూరుకోవచ్చు. పెద్దలు సాధారణంగా అనేది అదే. కాని ఒకే కీర్తనకు ఒకచోట నిశ్శబ్దం, ఇంకోచోట పప్పు వడ్డన చప్పుడు ఎలా దక్కాయన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. దానికొక చరిత్ర వుంది.

త్యాగరాజు 1847లో పోయాడు. ఆయన ఉంఛవృత్తితో బతికాడనీ, తంజావూరు రాజు పిలిచినా వెళ్లలేదనీ చెబుతారు. ఆ పిలుపు కథ ఎంత నిజమో గాని, ఈనాడు మనం కచేరీ అనే పద్ధతిలో ఆయన ఎన్నడూ పాడలేదన్నది మాత్రం నిజం. ఆయన పాడింది ఇంట్లో, వీధిలో, శిష్యుల ముందు. కచేరీ తర్వాత వచ్చి ఆయన్ని తన సొత్తు చేసుకుంది. ఆ "తర్వాత" ఎప్పుడంటే, 1855లో శివాజీ మరణంతో తంజావూరు మరాఠా సంస్థానాన్ని ఇంగ్లీషువాళ్లు కలిపేసుకున్న తర్వాత. ఆస్థానం పోయింది, ఆస్థానాన్ని నమ్ముకున్న విద్వాంసులు చెల్లాచెదరయ్యారు. కొందరు మైసూరుకీ తిరువాన్కూరుకీ వెళ్లారు, కొందరు జమీందార్లను ఆశ్రయించారు. మన వైపు విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి, కార్వేటినగరం అట్లాంటి ఆశ్రయాలే. ఎట్టయపురం జమీందారు దగ్గరున్న సుబ్బరామ దీక్షితులు 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చువేశాడు, తమిళదేశంలో, తెలుగులో. ఆ పుస్తకం రాయమని ఆయన వెంటపడ్డ చిన్నస్వామి మొదలియారు క్రైస్తవుడు. మన సంగీతం ఒక మతానిదీ ఒక కులానిదీ అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి గుర్తుచేసి ముందుకు పోతాను.

ఎక్కువమంది విద్వాంసులు చేరింది మద్రాసు. అక్కడ కొత్త వర్గం ఒకటి తయారైంది: ప్లీడర్లు, జడ్జీలు, సర్కారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు. ఇంగ్లీషు చదివి, ఇంగ్లీషువాడి కొలువు చేసి, సాయంత్రానికి తన సంస్కృతి తనకు కావాలనుకున్న మధ్యతరగతి. అందులో బ్రాహ్మణులే అధికం. రాజు ఒక్కడూ పోషించలేని చోట వీళ్లు చందాలు వేసుకుని సభలు పెట్టారు. 19వ శతాబ్ది చివరి దశకాల్లో మైలాపూరులో, తిరువల్లిక్కేణిలో, జార్జిటౌనులో సభలు పుట్టాయి. ఇది చిన్న మార్పు కాదు. పాటకు ధర ఏర్పడింది. రాజుగారి ఇష్టం పోయి శ్రోత ఇష్టం వచ్చింది. ఈ విషయంలో కచేరీ నిశ్చయంగా ముందడుగే. డబ్బు పెట్టగలిగిన ఎవడైనా వచ్చి కూర్చోవచ్చునన్నది రాజదర్బారు కంటే మెరుగు.

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దాంతోపాటు అఖిల భారత సంగీత సదస్సు నడిచింది. అందులోంచి పుట్టిందే మద్రాసు మ్యూజిక్ అకాడెమీ. 1928 ఆగస్టు 18న సర్ సి.పి. రామస్వామి అయ్యరు ప్రారంభించాడు. డిసెంబరు సంగీతోత్సవాలకు మూలం అదే. మార్గశిరం పవిత్రమాసమనే వ్యాఖ్యానం వుండనే వుంది, కాని ఆ రోజుల్లో కోర్టులకు సెలవులని కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. జాతీయోద్యమం, వకీళ్ల సెలవులు, భక్తి - మూడూ కలిస్తేనే "సీజన్".

కచేరీ లోపలి అమరిక కూడా ఆ కాలపుదే. అంతకుముందు ఒక్క పల్లవి మీద గంటల తరబడి పాడే అలవాటు వుండేది. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890-1967) ముందు వర్ణం, తర్వాత చిన్న కీర్తనలు, మధ్యలో ఒక పెద్ద కృతి, రాగం తానం పల్లవి, చివర పదాలూ జావళీలూ తిల్లానా - ఇట్లా ఒక వరస కుదిర్చాడు. ఈ వరసనే మనం అనాదిగా వున్నదనుకుంటున్నాం. ఎందుకు నెగ్గింది ఈ వరస? అయ్యంగారి ప్రతిభ ఒక కారణం. మర్నాడు పొద్దున ఆఫీసుకు పోవలసిన శ్రోత ఇంకో కారణమని నా అభిప్రాయం. నాలుగు నిమిషాలైనా తిరగని గ్రామఫోను పళ్లెం అప్పటికే చెవులకు చిన్న పాట అలవాటు చేసింది. 1930ల్లో మైకు వచ్చింది. వెనక వరసకు వినిపించాలంటే ఉచ్చస్థాయిలో అరవనక్కర్లేని రోజు వచ్చింది. సన్నటి కంఠాలకు, ముఖ్యంగా స్త్రీల కంఠాలకు పెద్ద హాళ్లు అందుబాటులోకి వచ్చాయి.

ఇప్పుడు మళ్లీ వేదిక వైపు చూద్దాం. ఎవరు ఎక్కడ కూర్చున్నారు?

ఫిడేలు విదేశీ. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చి మన సంగీతానికి మలిచాడు. తంజావూరు నలుగురన్నదమ్ముల్లో ఒకడైన వడివేలుకు తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహుమానమిచ్చాడు. తెల్లవాడి వాద్యానికి వేదిక మీద ఎడమ పక్క స్థానం దొరకడానికి నూరేళ్లు పట్టలేదు. ఇది ఆ సంగీతపు జీర్ణశక్తికి నిదర్శనం, అందుకు సంతోషించాలి. కాని దొరికింది "పక్క" స్థానమే. గాయకుడు ఒక సంగతి వేస్తే దాన్ని నీడలా అనుసరించడం ఫిడేలు వంతు. దీన్ని ఎదిరించినవాళ్లలో మనం చెప్పుకోవలసినవాడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు (1893-1964). చూపు మందం. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆచార్యుడుగా చేరి, 1936లో తానే అధ్యక్షుడయ్యాడు. ఫిడేలు ఒక్కటే మధ్యన కూర్చుని రెండుమూడు గంటలు సభను నిలపగలదని రుజువు చేశాడు. మైలాపూరు కాదు, విజయనగరం. అయినా ఈనాటి కరపత్రాల్లో ఫిడేలు అక్షరాలు సన్నగానే వున్నాయి.

మృదంగం సంగతి ఇంకా విచిత్రం. పళని సుబ్రహ్మణ్య పిళ్లె ఎడంచేతివాటం మనిషి. కుడి మూత సభ వైపు వుండాలంటే ఆయన గాయకుడికి ఎడమ పక్క కూర్చోవాలి, అప్పుడు ఫిడేలు కుడి పక్కకు జరగాలి. అంతే. ఈ రెండడుగుల జరుగుబాటుకు ఒప్పుకోనివాళ్లు వున్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ వంటివాళ్లు పూనుకుని ఆయన్ని వేదిక ఎక్కించకపోతే అంతటి లయజ్ఞుణ్ణి మనం పోగొట్టుకునేవాళ్లం. పాల్ఘాట్ మణి అయ్యర్ మహావిద్వాంసుడే, చాలాకాలం స్త్రీలకు వాయించనన్నాడు, చివరికి డి.కె. పట్టమ్మాళ్‌తో ఆ పట్టు సడలించాడు. సంగీత కళానిధి బిరుదు మృదంగానికి మొదటిసారి దక్కింది 1966లో, ఆయనకే. స్త్రీకి మొదటిసారి దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి. అకాడెమీ పుట్టి అప్పటికి 40 ఏళ్లు.

స్త్రీల మాట వచ్చింది గనక ఇక్కడ కాస్త నిలబడాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు అవతలివాళ్లది మాత్రమే కాదు.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు ముద్దుపళని పేరు తిట్టుతో కలిపి విన్నాను. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో 18వ శతాబ్దిలో "రాధికా సాంత్వనము" రాసిన కవయిత్రి ఆమె. వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమె శీలాన్నీ కావ్యాన్నీ కలిపి ఖండించారు. ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి వావిళ్లవారి ద్వారా వెలువరించింది బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). దేవదాసీ కులంలో పుట్టిన గాయని. మరుసటేడు సర్కారు ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం గారి చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఇదే నాగరత్నమ్మ తిరువయ్యారులో పాడుపడివున్న త్యాగరాజు సమాధిని చూసి, స్థలం కొని, నగలమ్మి గుడి కట్టించింది. 1925లో ప్రతిష్ఠ జరిగింది. ఆ ఆవరణలో పురుషుల ముఠాలు రెండు వేర్వేరుగా ఆరాధన చేస్తూ, స్త్రీలను పాడనివ్వలేదు. గుడి కట్టించిన మనిషిని కూడా! ఆమె వూరుకోలేదు. స్త్రీలను కూడగట్టి తమ ఆరాధన తామే జరిపించింది. 1940ల మొదట్లో అందరూ ఒకటయ్యాకనే స్త్రీల గొంతుకు అక్కడ చోటు స్థిరపడింది. ఈనాడు పుష్య బహుళ పంచమినాడు వందలమంది కలిసి పంచరత్నాలు పాడేది ఆ ఆవరణలోనే.

దేవదాసీ వ్యవస్థను రద్దు చెయ్యవలసిందే. అందులో నాకు అనుమానం లేదు. ఆడపిల్లను దేవుడి పేర కట్టి, జమీందారు పాలు చేసే ఏర్పాటును కళ పేరుతో సమర్థించడం నీచం. ముత్తులక్ష్మీరెడ్డి గారు, తానే దేవదాసి కూతురు, దానికోసం జీవితకాలం పోరాడింది. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. మంచిదే. అయితే అదే దశకాల్లో ఆ స్త్రీలు తరతరాలుగా దాచిన పదాలూ జావళీలూ పెద్దకులాల ఇళ్లలోకి, అక్కణ్ణుంచి సభల్లోకి నడిచి వెళ్లాయి. పాటలు వెళ్లాయి, మనుషులు వెళ్లలేదు. వీణ ధనమ్మాళ్ కుటుంబం వంటివి వేళ్లమీద లెక్కపెట్టవలసినన్ని నిలబడ్డాయి. సుబ్బులక్ష్మి నిలబడింది, ఏ ఇంటి అమ్మాయిగా నిలబడిందో మనకు తెలుసు. గోదావరి జిల్లాల కలావంతుల మేళాలు ఏమయ్యాయి? సంస్కర్తలు "మానెయ్యండి" అన్నారు. మానేశాక ఏం తిని బతకాలి, నేర్చిన విద్య ఎవరి పేర నిలవాలి అన్నది అడగలేదు. మన అభ్యుదయ సంప్రదాయం వీరేశలింగంతో మొదలవుతుందని చెప్పుకుంటాం గనక ఈ వెలితి మనది కూడా. ఒక్క గురజాడ మాత్రం ఈ ఇరుకును కనిపెట్టాడు. "కన్యాశుల్కం"లో యాంటీనాచి సౌజన్యారావు పంతులు ఎదుట మధురవాణిని నిలబెట్టి, ఎవరి మంచితనానికి ఎంత లోతుందో మనమే చూసుకునేట్టు చేశాడు. వేదిక మీద ఆ ఆటను వందసార్లు చూసి నవ్వుకున్నాం గాని, మధురవాణి పాట ఎక్కడికి పోయిందని ఎవరం అడగలేదు.

నాగస్వరానిది ఇంకోరకం కథ. గుళ్లో దేవుడికి అందరికంటే ముందు వినిపించేది ఆ వాద్యమే. రాగాలాపన విస్తారానికి గాయకులు నాగస్వర విద్వాంసుల నుంచి నేర్చుకున్నారని సంగీతం తెలిసినవాళ్లే ఒప్పుకుంటారు. కాని ఆ విద్వాంసుడు వూరేగింపులో నడుస్తూ, నిలబడి వాయించాలి. తిరువాడుతురై రాజరత్నం పిళ్లె (1898-1956) ఈ మర్యాదలను ధిక్కరించాడు. సూటు వేసుకుని, వేదిక మీద కూర్చుని, మొగమాటం లేకుండా డబ్బు అడిగి వాయించాడు. జనం అహంకారమన్నారు. గాయకుడు అడిగితే ధర, సన్నాయివాడు అడిగితే అహంకారం. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఢిల్లీలో మోగిన నాగస్వరం ఆయనదే. సంగీత కళానిధి మాత్రం ఆయనకు రాలేదు.

మన ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చి, ఆపైన తంజావూరు బాణీ అభ్యసించి, 1960ల్లో శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడ్డాడు. రంగనాథుడి గుడి నీడలో ముస్లిం విద్వాంసుడు త్యాగరాజును వాయించాడు. ఆయనకు కళానిధి 1998లో వచ్చింది, చనిపోవడానికి ఒక ఏడాది ముందు. మన కోస్తా జిల్లాల ముస్లిం నాదస్వర కుటుంబాలు ఇప్పటికీ గుళ్లలో వాయిస్తున్నాయి. ఆ వంశపు శిష్యపరంపరలోని మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంగీతానికి మతం అంటగట్టేవాళ్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది పదేపదే చెప్పవలసిన విషయం.

రేడియో వచ్చి ఈ వరస మార్చలేదా అంటే కొంత మార్చింది. జమీందారీలు రద్దయిన రోజుల్లో, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలై, ఎందరో తెలుగు విద్వాంసులకు నెల జీతమిచ్చి బతికించింది. పల్లెటూరి రైతు కూడా ద్వారం ఫిడేలు విన్నాడు. కాని ఆ రేడియోయే 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971 దాకా రానివ్వలేదు. మన పద్యనాటకాల కడుపు నింపిన పెట్టె అది! దాని స్వరాలు మన గమకానికి లొంగవన్న వాదంలో నిజముంది. ఆ నిజం కనిపెట్టినవాళ్లకు జనం దాన్ని ఎందుకు కౌగిలించుకున్నారన్న నిజం మాత్రం పట్టలేదు.

తెలుగు కీర్తనలని మనం గర్వపడతాం. 1940ల మొదట్లో తమిళులు తమ సభల్లో తమ భాషలో పాటలు కావాలన్నారు. రాజా సర్ అణ్ణామలై చెట్టియారు అండతో 1943లో తమిళ ఇసై సంఘం పుట్టింది. మనవాళ్లు కొందరు అది త్యాగరాజుకు అవమానమని బాధపడ్డారు. నాకు ఆ బాధ అర్థం కాదు. తాను వినే పాట తనకు అర్థం కావాలని శ్రోత కోరడం న్యాయం. అర్థమయ్యే భాషలోనే వుండి కూడా మన సభలు వెలవెలబోవడం గురించి బాధపడితే బాగుండును.

చివరగా వేదిక ఎక్కనే ఎక్కని మనిషి. మృదంగం పనస కొయ్య, దానికి ఆవు, గేదె, మేక తోళ్లు. ఆ తోలు తెచ్చి, ఊనిచ్చి, కోసి, వారు లాగి బిగించి, కుడి మూత మీద రాతిపొడీ అన్నపు ముద్దా పొరలుపొరలుగా రుద్ది నల్లమచ్చ నిలిపేవాడు చాలాచోట్ల దళితుడు. ఏ విద్వాంసుడికి ఏ నాదం కావాలో చెవితో పట్టి తోలులోకి తేవాలి. మణి అయ్యర్ మృదంగపు నాదం వెనక తంజావూరు సెబాస్టియన్ వంశపు పర్లాందు చెయ్యి వుంది. ఈ సంగతులన్నీ టి.ఎం. కృష్ణ 2020లో "సెబాస్టియన్ అండ్ సన్స్" అనే పుస్తకంలో రాస్తే, దాని ఆవిష్కరణకు ఇస్తామన్న హాలును కళాక్షేత్రం వెనక్కి తీసుకుంది. గోవధ అనగానే చెవులు మూసుకునే ముందు వరసవాళ్లు తని మొదలవగానే తొడమీద తాళం వేస్తారు. వాళ్లు తాళం వేస్తున్నది ఆవుతోలు మీద. వాళ్లను ఎగతాళి చెయ్యడానికి కాదు ఈ మాట. శ్రమకు కరపత్రంలో సన్నటి అక్షరాలు కూడా దక్కలేదని చెప్పడానికి.

ఆ సాయంత్రం మా కుర్రవాడికి ఇంత చెప్పలేదు. రెండు వారాల తర్వాత వాడి తండ్రి వాయిస్తున్న పెళ్లికి పిలిస్తే వెళ్లాను. ముహూర్తానికి ముందు ఆయన తోడి ఎత్తుకున్నాడు. నేను కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. గాంధారం మీద నిలిచి నెమ్మదిగా పైకి పోతున్నాడు. ఎనిమిది నిమిషాలైందేమో, పీటల దగ్గర్నుంచి "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకలు. రాగం అక్కడికక్కడే తెగింది, డోలు విరుచుకుపడింది. తర్వాత భోజనాలప్పుడు ఆఖరి పంక్తిలో ఆయన పక్కన కూర్చున్నాను.

"మావాడు చెప్పాడు మాస్టారూ, ఆరోజు మీరు సభకు తీసుకెళ్లారట. తోడి పాడారటగా. ఎంతసేపు పాడారండీ?"

"కీర్తనతో కలిపి నలభై నిమిషాలు."

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నలభై నిమిషాలు ఎవరూ ఆపలేదన్నమాట" అన్నాడు.

ఇంతలో అప్పగింతలకు పిలుపు వచ్చింది. సగం తిన్న విస్తరి మడిచి లేచాడు.